పేర్లలో మన సీమ – 6: ఎనిమిదో బిడ్డ

పోయిన భాగంలో పుంగనూరు జమీందార్ల దగ్గర ఆగాం. కోలారు సీమలోని సుగటూరు గౌడలకు విజయనగర ప్రభువులు ఇచ్చిన ‘చిక్కరాయ’ బిరుదు, తరాలు మారేసరికి బిరుదన్న సంగతే మరుగున పడి పేరులో భాగమైపోయిన వైనం చూశాం. అక్కడ పేరు పెట్టింది రాజు, మోసింది వంశం. ఇప్పుడు పుంగనూరు దాటి మదనపల్లెకు వస్తున్నాం. ఇక్కడ రాజూ లేడు, బిరుదూ లేదు. ఒక సర్కారు ఉద్యోగి ఇల్లు, ఆ ఇంట్లో ఒక పిల్లవాడు, వాడికి అమ్మానాన్నలు పెట్టుకున్న మామూలు పేరు. ఆ పిల్లవాడు ఎవరివాడు, వాడిని ఏ పేరుతో పిలవాలి అన్న తగవు మాత్రం మద్రాసు హైకోర్టు దాటి లండన్ దాకా పోయింది.

1895 మే నెల. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. అది 1911లో ఏర్పడింది. అంతవరకూ మదనపల్లె కడప జిల్లాలో తాలూకా కేంద్రం. ఎత్తైన ప్రాంతం కావడంతో నడివేసవిలో కూడా రాత్రిళ్ళు కాస్త ప్రాణానికి హాయిగా ఉండే ఊరు. అందుకే దొరలకు ఇష్టం, దొరల కచేరీల్లో పనిచేసే మన ఉద్యోగులకూ ఇష్టం. అలాంటి ఉద్యోగుల్లో రెవెన్యూ శాఖకు చెందిన జిడ్డు నారాయణయ్య ఒకరు. మద్రాసు విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నవాడు. సనాతన బ్రాహ్మణ ఆచారం తూచా తప్పకుండా పాటిస్తూనే, దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడిగా చేరినవాడు. ఇంట్లో మడి, సాయంత్రం అన్ని మతాలూ ఒకటేననే చర్చ. ఆ తరం చదువుకున్నవాళ్ళకు ఈ రెండూ ఒకే గూట్లో ఇమిడేవి.

మే 11 దాటి 12 ప్రవేశించాక, రాత్రి పన్నెండున్నర ప్రాంతంలో నారాయణయ్య భార్య సంజీవమ్మ మగబిడ్డను కన్నది. దొరల గడియారం ప్రకారం అది 12వ తేదీ. పంచాంగం ప్రకారం తెల్లవారితే తప్ప రోజు మారదు గనుక 11. ఈ తకరారు ఇప్పటికీ తెగలేదు, పుస్తకాల్లో రెండు తేదీలూ కనిపిస్తాయి. కాన్పుకు సంజీవమ్మ ఎంచుకున్న చోటు దేవుడి గది అని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. పురుటి మైల అంటూ బాలింతను ఇంటికి ఓ మూలన విడిగా ఉంచే కాలంలో, స్నానం చేసి మడి కట్టుకుంటే తప్ప అడుగు పెట్టని గదిలో ప్రసవం! ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునే ఉంటారు. జాతకం వేసిన కుమార శ్రౌతులు పిల్లవాడు మహనీయుడు అవుతాడని చెప్పాడట. మగబిడ్డ పుట్టిన ఇంట ఈ మాట చెప్పకుండా సంభావన పుచ్చుకున్న జ్యోతిష్కుడు అరుదు కాబట్టి దాన్ని అంతటితో వదిలేద్దాం.

పేరు విషయంలో మాత్రం ఆ ఇంట్లో తర్జనభర్జన జరిగినట్టు లేదు. వాడు ఎనిమిదో సంతానం. దేవకీదేవికి ఎనిమిదో గర్భాన పుట్టినవాడెవరో సంజీవమ్మకు వేరే చెప్పనక్కర్లేదు, ఆవిడ కృష్ణ భక్తురాలు. కృష్ణమూర్తి అన్నారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ ఇంట పుట్టిన పిల్లలందరూ దక్కలేదు, పసితనంలోనే పోయినవాళ్ళు ఉన్నారు. ఆ రోజుల్లో ఏ కులంలోనైనా, ఏ ఊళ్ళోనైనా ఉన్న దుఃఖమే ఇది. దానికి ప్రతి వర్గం తనదైన విరుగుడు వెతుక్కుంది. రైతుల ఇళ్ళలో, కూలీల ఇళ్ళలో వరసగా బిడ్డలు పోతే తర్వాత పుట్టినవాడిని చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టేవారు. ఇరుగింటావిడ ఎత్తుకుంటే ఆమెకు పిడికెడు తవుడో, ఒక దమ్మిడీయో ఇచ్చి సొంత బిడ్డను తిరిగి కొనుక్కునేవారు. ఆపైన వాడికి పెంటయ్య అనో కుప్పయ్య అనో పుల్లయ్య అనో పేరు. చావు వచ్చి చూసినా ‘ఇది ఎందుకూ పనికిరాని సరుకు’ అనుకుని వెనక్కి పోవాలని. బిడ్డను తక్కువ చేసి దాచుకోవడం ఒక దారి. దేవకి కథ గుర్తు చేసుకుని, ఏడుగురి తర్వాత వచ్చినవాడు కంసుణ్ణి కూడా తప్పించుకున్నాడు కదా అని ఎనిమిదోవాడికి కృష్ణుడి పేరు పెట్టుకోవడం ఇంకో దారి. పెంటయ్యకీ కృష్ణమూర్తికీ మధ్య అంతస్తులో ఆమడ దూరం ఉన్నా, రెండు పేర్ల వెనకా ఉన్న తల్లి భయం ఒక్కటే అని నాకనిపిస్తుంది.

*

ఇక ఆ పేరు వంశవృక్షం చూద్దాం.

కృష్ణ అంటే నల్లనిది అన్న అర్థం అందరికీ తెలిసిందే. ఈ పేరు యాదవ కృష్ణుడి ఒక్కడి సొత్తు కాదన్నది కాస్త మరుగున పడ్డ సంగతి. భారతం రాసిన వ్యాసుడి పేరు కృష్ణ ద్వైపాయనుడు. ద్రౌపది పేరు కృష్ణ. పిడుగు భయం పోవాలని ఉరిమినప్పుడల్లా మన జేజమ్మలు చదివించిన అర్జునుడి పది పేర్లలో ఒకటి కృష్ణుడు. అంటే కురుక్షేత్రంలో రథం మీద ఉన్న ఇద్దరూ కృష్ణులే. ఇన్ని చేతులు మారిన పేరు తెలుగునాట మగపిల్లల పేరుగా పాతుకుపోవడానికి పోతన భాగవతం ఒక కారణమైతే, 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ఇంకో కారణం. రాయలు 1513 మొదలు ఏడు మార్లు తిరుమలకు వచ్చాడు. ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ ఆయన విగ్రహం ఇప్పటికీ కొండ మీద ఉంది. దేవుడి పేరు, రాజు పేరు ఒకటే అయినప్పుడు ఆ రాజ్యంలో పిల్లలకు ఏ పేరు పెడతారో ఊహించడం కష్టం కాదు.

కానీ ఒకే కృష్ణుడు మన సీమలో మూడు రకాలుగా బతికాడు. మదనపల్లె, పుంగనూరు పల్లెల్లో పశువుల వెంట తిరిగినవాడు, మడక దున్నినవాడు క్రిష్ణప్ప. ఆ ‘అప్ప’ పడమటి గాలి. చింతామణి, శ్రీనివాసపురం, కోలారు దగ్గర్లోనే ఉండటంతో ఆ గాలి ఇటు వీచింది. రెడ్డప్ప, వెంకటప్ప, గంగులప్ప అందరూ ఆ బాపతే. తూర్పుగా తిరుపతి వైపు జరిగితే అదే పిల్లవాడు మునికృష్ణ. ఊరి పొలిమేర కాచే మునీశ్వరుడికి మొక్కుకున్నాకే కృష్ణుడికి చోటు. కుప్పం దాటి తమిళ పల్లెల్లోకి దిగితే క్రిష్ణన్. ఈ సరిహద్దు మహిమకు మంచి ఉదాహరణ సర్వేపల్లివారి అబ్బాయి. తెలుగు కుటుంబంలో 1888లో తిరుత్తణిలో పుట్టాడు గనుక రాధాకృష్ణ కాలేదు, రాధాకృష్ణన్ అయ్యాడు. ఆ తిరుత్తణి తర్వాత చిత్తూరు జిల్లాలో కలిసింది, 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. చివరి పొల్లు మాత్రం రాష్ట్రపతి భవన్ దాకా ఆయన వెంటే వెళ్ళింది.

‘మూర్తి’ సంగతి వేరు. అది అక్షరం ముక్క వచ్చిన ఇళ్ళ పోకడ. రామమూర్తి, నరసింహమూర్తి, దక్షిణామూర్తి – దేవుడి పేరుకు మూర్తి తగిలిస్తే పిలుపులో ఒక గాంభీర్యం వస్తుంది, కచేరీ రిజిస్టర్లో నిండుగా కనిపిస్తుంది. ఎక్కువగా బ్రాహ్మణ, వైశ్య కుటుంబాల్లో ఇది సాగింది. క్రిష్ణప్ప పొలంలో ఉంటే కృష్ణమూర్తి కచేరీలో ఉంటాడు. ఒకరి శిస్తు ఇంకొకరు రాసుకుంటారు. రాసుకునేటప్పుడు కిష్టప్ప, క్రిష్ణప్ప, కృష్ణప్ప అని మూడు చోట్ల మూడు రకాలుగా రాస్తే, ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేసుకోలేక భూమి కోసం తిరిగిన రైతు మనుమలు ఈ సీమలో నేటికీ కనిపిస్తారు.

ఇంట్లో పిలుపు ఇంకో తీరు. తాత పేరు మనవడికి పెట్టడం రివాజు. కోడలు మామ పేరు పలకకూడదు. మరి కన్నకొడుకును కేకేయడం ఎలా? అందుకే పెట్టిన పేరు పెట్టెలో పెట్టి, ‘అబ్బోడా’ అనో ‘చిన్నబ్బా’ అనో ‘నాయనా’ అనో పిలిచేవారు. బడిలో అయ్యవారు హాజరు పిలిచేదాకా తన అసలు పేరు తెలియని పిల్లలు ఉండేవారంటే ఆశ్చర్యం లేదు.

*

నారాయణయ్యగారి కృష్ణమూర్తి బడిలో రాణించినవాడు కాదు. మలేరియాతో పీక్కుపోయిన ఒళ్ళు, ఎటో చూస్తూ ఉండే కళ్ళు. పలకా పుస్తకాలూ లేని పిల్లలకు తనవి ఇచ్చేసి ఇంటికొచ్చేవాడు. ఒకసారి గడియారం విప్పి ముక్కలు చేసి, మళ్ళీ బిగించేదాకా అన్నానికి లేవనన్నాడు. తండ్రికి బదిలీలు. కదిరిలో ఉండగా ఉపనయనం, అక్షరాభ్యాసం. 1905 డిసెంబరులో కడపలో తల్లి పోయింది. వాడిని కృష్ణుడని మురిసిపోయిన మనిషి అలా మధ్యలోనే వెళ్ళిపోయింది.

1907 చివర నారాయణయ్య ఉద్యోగ విరమణ చేశాడు. పింఛను నెలకు 112 రూపాయలు, అంటే జీతంలో సగం. తల్లి లేని మగపిల్లలు, సరిపోని డబ్బు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి ఆ ఏడాదే అధ్యక్షురాలైన అనీబిసెంటుకు ఆయన ఉత్తరాలు రాశాడు, ఏదో ఒక పని చేస్తాను, ఉండటానికి చోటివ్వండని. దగ్గర్లో బడి లేదు, పిల్లలతో కష్టం అని ఆమె కాదంది. ఆయన పట్టు విడవలేదు. చివరికి 1909 జనవరిలో నలుగురు కొడుకులతో అడయారు చేరాడు. దొరికింది ఆవరణ బయట ఒక శిథిలమైన ఇల్లు. మదనపల్లెలో పదిమంది దణ్ణం పెట్టిన అధికారికి అది చిన్నతనమే. ఆ తర్వాత జరిగినదానికి బీజం ఈ లేమిలోనే పడిందని నా అభిప్రాయం. బిసెంటు అప్పుడే చోటిచ్చి ఆదరించినా, పింఛను ఇంకాస్త ఎక్కువ వచ్చినా కథ ఇంకోలా నడిచేదేమో.

ఆ వసంతంలోనే అడయారు ఇసుక ఒడ్డున సమాజానికి చెందిన లెడ్‌బీటర్ అనే దొర కృష్ణమూర్తిని చూశాడు. ఈ బాలుడి చుట్టూ తాను ఎన్నడూ చూడని తేజోవలయం ఉందని, స్వార్థం లవలేశమైనా లేదని ప్రకటించాడు. పిల్లవాడికి పాఠాల్లో సాయం చేస్తున్న ఎర్నెస్టు వుడ్ నివ్వెరపోయాడు, ఆయన లెక్కలో వాడు మందమతి. అంతకన్నా నివ్వెరపోవలసినవాడు ఇంకొకడు ఉన్నాడు. హ్యూబర్ట్ వాన్ హుక్ అనే అమెరికా బాలుడు. జగద్గురువు ఒకడు మనిషి దేహంలో రాబోతున్నాడని సమాజంవాళ్ళ నమ్మకం. ఆ గురువుకు వాహికగా లెడ్‌బీటర్ అంతకు ముందే ఎంచుకున్నది అతడినే. తల్లితో కలిసి సముద్రాలు దాటి అడయారు వచ్చేసరికి ఆ పీట మీద మదనపల్లె పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. ఆ తల్లీకొడుకుల మనసులో ఏముందో రాసినవాళ్ళు తక్కువ.

లెడ్‌బీటర్ చేసిన మొదటి పనుల్లో ఒకటి పేరు మార్చడం. కృష్ణమూర్తి పూర్వజన్మలంటూ ఆయన రాసిన కథలు 1910లో ‘ది థియోసఫిస్ట్’ పత్రికలో వరసగా వచ్చాయి. వాటిలో కృష్ణమూర్తి పేరు ఆల్సియోనీ – కృత్తికల్లో అన్నిటికన్నా మెరిసే నక్షత్రం. తమ్ముడు నిత్యానందానికి మైజార్ అన్న పేరు. మన కొత్త దంపతులు అరుంధతితోపాటు చూసే వశిష్ఠ నక్షత్రం అదే. ఇక అడయారులో పోటీ మొదలైంది. ఆ కథల్లో నువ్వున్నావా, ఉంటే ఆల్సియోనీకి ఏమవుతావు, ఏ జన్మలో చుట్టానివి? బంధుత్వం దక్కినవాళ్ళు తలెత్తుకు తిరిగారు, దక్కనివాళ్ళు కినుక వహించారు. మోక్షం కోసం వచ్చినవాళ్ళు వరసల కోసం కొట్లాడుకోవడం చూస్తే మన పెళ్ళిపందిళ్ళు ఎంతో నయం. ఆ ఏడాది చివర ‘ఎట్ ద ఫీట్ ఆఫ్ ద మాస్టర్’ అనే చిన్న పుస్తకం కూడా ఆల్సియోనీ పేరుతోనే వచ్చింది.

1910 మార్చిలో నారాయణయ్య పిల్లల సంరక్షణను బిసెంటుకు అప్పగిస్తూ కాగితం మీద సంతకం పెట్టాడు. మరుసటి ఏడాది కృష్ణమూర్తి అధిపతిగా ‘ఆర్డర్ ఆఫ్ ద స్టార్ ఇన్ ద ఈస్ట్’ వెలిసింది. తండ్రి కళ్ళ ముందే కొడుకు జుట్టు తీరు మారింది, కట్టుబట్ట మారింది, తిండి మారింది, భాష మారింది, పేరూ మారుతోంది. లెడ్‌బీటర్ నడవడి మీద ఆయనకు అనుమానాలు. కొడుకును దేవుడని మొక్కుతుంటే గర్వపడాలో భయపడాలో తెలియని స్థితి. 1912లో బిసెంటు అన్నదమ్ములిద్దరినీ ఇంగ్లండు తీసుకుపోయింది. అక్టోబరులో నారాయణయ్య చెంగల్పట్టు కోర్టులో దావా వేశాడు.

దావా మద్రాసు హైకోర్టుకు మారింది. నారాయణయ్య తరఫున సి.పి.రామస్వామి అయ్యరు, అవతల తన కేసు తానే వాదించుకున్న అనీబిసెంటు. మద్రాసు పత్రికలకు నెలల తరబడి పండగ. 1913 ఏప్రిల్లో జస్టిస్ బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగించాలన్నాడు. అప్పీలులోనూ ఆమె ఓడింది. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు పోయింది. 1914 మేలో అక్కడ తీర్పు తిరగబడింది: ఇంగ్లండులో ఉంటున్న పిల్లల మీద చెంగల్పట్టు కోర్టుకు అధికారం లేదు, పైగా ఆ పిల్లల మాట అసలు ఎవరూ వినలేదు. మైనర్ల సంరక్షణ గురించి చదివే న్యాయ విద్యార్థులకు ఈ కేసు ఇప్పటికీ పాఠమే. ఒక తెలుగు రెవెన్యూ ఉద్యోగి తన బిడ్డ కోసం సామ్రాజ్యంలోకెల్లా పెద్ద కోర్టు మెట్ల దాకా వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. చరిత్ర రాసినవాళ్ళు ఆయన్ను చాదస్తుడనో, ఎవరి చేతిలోనో పావు అనో తేల్చేస్తుంటారు. నాకు ఆ అంచనా న్యాయంగా తోచదు. తల్లి పెట్టిన పేరుతో కొడుకును పిలుచుకునే హక్కు కోసం పోరాడిన తండ్రిగా ఆయన్ను చూసినవాళ్ళు చాలా తక్కువ.

*

కొడుకు తన మాట తాను చెప్పడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. ఈలోగా 1925లో తమ్ముడు నిత్యానందం కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో క్షయతో పోయాడు. అన్న అప్పటికి ఓడలో ఇండియాకు వస్తున్నాడు. తమ్ముడి ప్రాణానికి ఢోకా లేదంటూ, సమాజంవాళ్ళు కొలిచే అదృశ్య మహాత్ముల పేరిట వచ్చిన హామీలు ఆ నడిసముద్రంలో మునిగిపోయాయి. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ శిబిరంలో, బిసెంటు ఎదుటే, దాదాపు మూడు వేలమంది సభ్యుల సమక్షంలో కృష్ణమూర్తి తాను అధిపతిగా ఉన్న ‘ఆర్డర్ ఆఫ్ ద స్టార్’ సంస్థను రద్దు చేశాడు. తనకు శిష్యులు వద్దన్నాడు. కానుకగా వచ్చిన కోటనూ భూములనూ తిరిగి ఇచ్చేశాడు. జగద్గురువు పోయాడు, ఆల్సియోనీ పోయాడు. మిగిలింది మదనపల్లెలో పెట్టిన పేరు ఒక్కటే. పాశ్చాత్య దేశాల్లో చాలామంది జిడ్డు అన్నది ఆయన పేరనీ, కృష్ణమూర్తి ఇంటిపేరనీ అనుకున్నారు. ఆయన దిద్దినట్టు లేదు.

మదనపల్లె దగ్గర్లోనే, 1926 ప్రాంతంలో బిసెంటు చొరవతో సేకరించిన భూముల్లో ఋషివ్యాలీ బడి పెరిగింది. చాలా ఏళ్ళు చలికాలంలో ఆయన అక్కడికి వచ్చేవాడు. అక్కడివారికి కృష్ణాజీ. ఆ ‘జీ’ ఉత్తరాది నుంచి దిగుమతి. ఆయన మాత్రం రాతల్లో తనను తాను చాలాసార్లు ‘కె’ అని ఒంటి అక్షరంతో సరిపెట్టుకున్నాడు. 1986 ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో కన్నుమూశాడు.

చిత్రమేమిటంటే తెలుగునాట ఇంకో కృష్ణమూర్తి కూడా తత్వంలోకే దిగాడు. 1918లో బందరులో పుట్టిన ఉప్పలూరి గోపాల కృష్ణమూర్తి. ఆయనా దివ్యజ్ఞాన సమాజం నీడలో పెరిగినవాడే. మొదటి కృష్ణమూర్తిని దగ్గరగా చూసి, వాదించి, దూరం జరిగి, ఆపైన ఆయన్ను ఘాటుగా విమర్శించాడు. ఇద్దరి పేరూ ఒకటే కావడంతో పాఠకులు పొడి అక్షరాలకు దిగారు: ఒకరు జె.కె., ఇంకొకరు యు.జి. పేరు మరీ వ్యాప్తిలోకి వస్తే జరిగేది ఇదే, అది గుర్తుకు పనికిరాకుండా పోతుంది.

సినిమా దాన్ని ఇంకాస్త తరిగింది. బుర్రిపాలెం నుంచి వచ్చిన ఘట్టమనేని శివరామకృష్ణమూర్తిని 1965లో ‘తేనె మనసులు’ కోసం ఆదుర్తి సుబ్బారావు ఉత్త కృష్ణగా చేశాడు. మూర్తి ఊడిపోయింది. వాల్‌పోస్టరు మీద పట్టాలంటే రెండక్షరాలు చాలు. ఆ తర్వాతి తరంలో వంశీకృష్ణ, సాయికృష్ణ, కృష్ణచైతన్య వచ్చారు. ఇప్పుడు మదనపల్లె కాన్వెంటు బడుల్లో క్రిష్‌లు ఉన్నారు, కృషాంక్‌లు ఉన్నారు. క్రిష్ణప్ప ఆధార్ కార్డులోనూ రేషన్ దుకాణం వరసలోనూ ఉన్నాడు. కృష్ణమూర్తి రిటైరై, టౌనులో సాయంత్రం నడకకు వెళ్తున్నాడు. ఆ మూడు తరాల ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్న కుటుంబాలూ ఉన్నాయి, మనవడికి మాత్రం తాత పేరు నోరు తిరగదు.

*

కుప్పయ్యను ఈ భాగంలో ఒక వాక్యంలో పలకరించి వదిలేశాం. అతనికి అన్యాయం చేయను. వచ్చే భాగం పూర్తిగా అతనిదే. 1864 నుంచి మద్రాసు – బెంగుళూరు రైలు ఆగుతూ పోతున్న కుప్పంలో దిగుదాం. చెత్తకుండీని కుప్పతొట్టి అనే ఆ సీమలో, చావును ఏమార్చడానికి పెట్టిన పేరు కుప్పుస్వామిగా గౌరవం సంపాదించుకున్నదెలా, తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఆ పేరును ఎలా పంచుకున్నాయి, గంగమ్మ జాతరలో మొక్కుకుని పుట్టిన మగపిల్లలకు అమ్మవారి పేరు ఎలా వచ్చింది అన్నవి అక్కడ చూద్దాం.